మా పండగలకు దొరికిన కాలాలు

కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్‌లో సంక్రాంతికి కొండలు పచ్చగా ఉంటాయి. నవంబర్‌లో పడే వానలకు గడ్డి మొలిచి జనవరికల్లా ఒత్తుగా అల్లుకుంటుంది. మే నెల వచ్చేసరికి అదంతా ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. వినాయక చవితికి చినుకు జాడ కూడా ఉండదు. మన దగ్గర పండక్కీ కాలానికీ ఉన్న లంకె ఇక్కడ తెగిపోతుంది. కోతలు చూడకుండా సంక్రాంతి వస్తుంది, వేపచెట్టు పూత చూడకుండా ఉగాది వస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు పండగంటే శనివారానికి జరిపిన ఒక కార్యక్రమం, కొత్తబట్టలు, హాల్లో డాన్సు. అవి వద్దని నేను అనను, మా పిల్లలూ చేస్తారు. కానీ కాలం తోడు లేని పండగ పిల్లల ఒంటికి పట్టదని నా గట్టి నమ్మకం. తెల్లవారుజామున చలికి వణుకుతూ భోగిమంట దగ్గర నిలబడ్డవాళ్లకు భోగి అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మా పిల్లలకు ఆ కాలాన్ని ఇచ్చింది మా ఊరి పడమటి అంచున ఉన్న ఉప్పునీటి చిత్తడి నేల. డంబార్టన్ వంతెన ఎక్కబోయే ముందు కుడి, ఎడమల కనిపించే బురద, కాలవలు, ఎర్రటి మడులు అవే. డాన్ ఎడ్వర్డ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో బే వన్యప్రాణి సంరక్షణ కేంద్రం అని దాని పూర్తి పేరు. రోజూ ఆ వంతెన మీద ఆఫీసులకు పోయే మనవాళ్లు వేలల్లో ఉంటారు. కారు దిగి కాసేపు నడిచేవాళ్లు మరీ తక్కువ.

కెమెరా మా అమ్మాయిది. మావారి పాత డీఎస్ఎల్ఆర్, ఒక 300 ఎంఎం లెన్సు. పిట్టల వెనక పరిగెత్తి అలిసిపోయే బదులు ఒకే చోట నిలబడి ఏడాది పొడుగునా ఒకే వైపు చూడమని చెప్పాను. కాలవ పక్కన ఒక పాత చెక్క గుంజ ఉంది. దాని దగ్గర నిలబడి పడమటి కొండల వైపు తియ్యాలి, అంతే నియమం. కొన్ని నెలలకు ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ, "అమ్మా, సూర్యుడు నడుస్తున్నాడు" అంది. డిసెంబర్‌లో ఎడమకు, బాగా దక్షిణాన దిగిన సూర్యుడు వారం వారం కుడికి జరిగి జూన్‌కల్లా కొండల వరసకు అవతలి కొసకు చేరాడు. ఉత్తరాయణం అంటే ఏమిటో నేను అంతకుముందు చాలాసార్లే చెప్పాను. ఆ రోజు తనే నాకు చెప్పింది. అసలు మలుపు డిసెంబర్ 21 దగ్గరే కదా, పండగ జనవరి 14న ఎందుకొస్తుందని అడిగింది. భూమి అక్షం మెల్లగా తిరుగుతూ ఉండటం వల్ల వందల ఏళ్లలో ఆ తేడా పెరిగిందని ఇద్దరం కూర్చుని చదువుకున్నాం.

ఇక పోటు సంగతి. సముద్రం రోజుకు రెండుసార్లు ఈ కాలవల్లోకి వచ్చి రెండుసార్లు వెనక్కి పోతుంది. పోటెక్కుతున్నప్పుడు నీళ్లు తరుముకొస్తుంటే పిట్టలు గట్ల దగ్గరికి జరుగుతాయి. ఆటులో బురద బయటపడి అవి ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి. మంచి ఫొటో కావాలంటే వెలుతురూ పోటూ ఒకే గంటలో కుదరాలి. పోటు వేళల పట్టికలు ఫోన్లో దొరుకుతాయి. అయినా మా ఇంట్లో ముందు చూసేది ఫ్రిజ్ మీద అంటించిన తెలుగు క్యాలెండర్. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తారు కాబట్టి పోటు పెద్దది, ఆటు లోతైంది. అష్టమి దగ్గర రెండూ మందగిస్తాయి. మా చినగంజాం వైపు వేటకు పోయేవాళ్లకు ఇది రోజూ పనికొచ్చే లెక్క. మా అబ్బాయికి ఏడేళ్లు. వాడికి తిథులు పోటు కోసమే వచ్చాయి. దీపావళి అమావాస్య కాబట్టి ఆ రెండు మూడు రోజులు కాలవలు నిండుగా ఉంటాయని వాడికి తెలుసు. ఉగాది అమావాస్య మర్నాడే కాబట్టి అప్పుడూ అంతే. ప్రవాసంలో తిథి ఎందుకమ్మా అని అడిగేవాళ్లకు నేను చూపించేది ఇదే: చంద్రుడు ఏ దేశంలో ఉన్నా మానడు.

సంక్రాంతి రోజుల్లోనే ఇక్కడ కింగ్ టైడ్ అనే పెద్దపోటు వస్తుంది. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది, దానికి అమావాస్యో పౌర్ణమో తోడైతే నీళ్లు బాట అంచులకొస్తాయి. అప్పుడు ఈ నేల అసలు కష్టం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ సాల్ట్ మార్ష్ హార్వెస్ట్ మౌస్ అనే బొటనవేలంత ఎలుక ఉంది. ఉప్పునీళ్లు తాగి కూడా బతకగలదు. ఈ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. రిడ్జ్‌వేస్ రెయిల్ అనే కోడిలాంటి పిట్ట కూడా ఈ గడ్డినే నమ్ముకుని ఉంది. పెద్దపోటులో గడ్డి మునిగిపోతే ఇవన్నీ మిగిలిన నాలుగు పొదల కొసలకు ఎక్కుతాయి. కొంగలూ గద్దలూ అక్కడే కాపు కాస్తాయి. ఒక జనవరిలో మా కళ్లముందే పెద్ద తెల్లకొంగ ఒకటి చిన్న ఎలుకను పట్టి మింగేసింది. అమ్మాయి వరసగా తీస్తూనే ఉంది. అబ్బాయి మాత్రం నా చెయ్యి పట్టుకుని, "దానికి పారిపోయే చోటే లేదా అమ్మా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఆ నేల చరిత్రలోనే ఉంది. ఒకప్పుడు చిత్తడి మెల్లగా ఎత్తై, పచ్చికలో కలిసిపోయేది. నీళ్లొస్తే జీవాలు ఆ వాలు వెంబడి పైకి నడిచేవి. 1850ల నుంచి ఉప్పు మడుల కోసం గట్లు వేశారు, తర్వాత రోడ్లు, కంపెనీలు, ఇళ్లు వచ్చాయి. అఖాతం చుట్టూ ఉన్న పోటు చిత్తడిలో పదింట ఎనిమిది వంతులకు పైగా పోయింది. మిగిలింది నిలబడిందంటే స్థానికులు పట్టుబట్టడం వల్లే. ఫ్లోరెన్స్ లారివియర్ లాంటి మామూలు గృహిణులు 1960ల్లో మొదలుపెట్టి ఏళ్లతరబడి మీటింగులకు తిరిగారు. 1972లో ఈ సంరక్షణ కేంద్రం కోసం అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అందుకు పనిచేసిన కాంగ్రెస్ సభ్యుడు డాన్ ఎడ్వర్డ్స్ పేరు 1995లో దానికి పెట్టారు. 2003లో కార్గిల్ కంపెనీ నుంచి 15,100 ఎకరాల ఉప్పు మడులు తీసుకుని, గట్లు తెగ్గొట్టి మళ్లీ పోటును లోపలికి రానిస్తున్నారు. కొన్నిచోట్ల పాత వాలు కూడా మట్టితో కట్టి ఇస్తున్నారు, ఎలుకలు పైకి ఎక్కడానికే. ఇదంతా వాడికి చెప్పాను. ఆ వాలు ఎక్కడుందో చూపించమన్నాడు. తీసుకెళ్లి చూపించాను.

దీనికి ముందున్న మనుషుల సంగతి కూడా చెప్పాలి కదా. పక్కనే ఉన్న కొయోటీ హిల్స్‌లో ఒలోనీ ప్రజల ఊరు ఉండేది. వాళ్లు తిని పారేసిన నత్తగుల్లలు, వాళ్ల జీవితం, వాళ్ల సమాధులు కలిసిన దిబ్బలు రెండు వేల ఏళ్లకు పైబడినవి. ఉప్పు తనంతట తాను పేరుకునే గుంటల్లో వాళ్లూ ఉప్పు ఏరుకునేవాళ్లు. వలస వచ్చిన ఇంటి పిల్లలకు ఈ నేల ముందు ఎవరిదో తెలియాలని నా పట్టుదల.

ఉప్పు అనగానే మా నాన్న. ఆయన చినగంజాం కొఠారుల్లో ఉప్పు పండించిన మనిషి. మొన్న శ్రావణంలో అమ్మాయి వంతెన దగ్గర గులాబిరంగు మడి ఫొటో తీసి ఆయనకు వాట్సాప్ చేసింది. ఫోన్ చేసి ముందుగా అన్న మాట, "నీళ్లు పాకానికొచ్చాయే అమ్మలూ!" ఉప్పు చిక్కబడే కొద్దీ ఆకుపచ్చ నీళ్లు నారింజకు, తర్వాత ఎరుపుకు తిరుగుతాయి. డునాలియెల్లా అనే నాచు, ఉప్పులో మాత్రమే పెరిగే సూక్ష్మజీవులు ఆ రంగుకు కారణం. ఆయనకు ఆ పేర్లు తెలియవు, రంగు చూసి చిక్కదనం చెప్పగలరు. అఖాతం నీళ్లు మడి నుంచి మడికి మారుతూ ఉప్పు కావడానికి ఇక్కడ ఐదేళ్లు పడుతుందని అమ్మాయి చెబితే ఆశ్చర్యపోయారు. మన ఎండలకు వారాల్లో తీసేవాళ్లమని చెప్పారు. ఎండ ఎటువైపు నుంచి, గాలి ఎటువైపు, నీళ్లు ఎన్ని అంగుళాలు అని ఆయన అడుగుతూ పోయారు, తను లెక్కపెట్టి చెప్పింది. అంతకుముందు వాళ్లిద్దరి ఫోను మాటలు "బాగున్నావా, తిన్నావా" దగ్గరే ఆగేవి. ఆ రోజు నేను మధ్యలో ఒక్కసారి కూడా మాట అందించాల్సిన పని పడలేదు.

మిగిలిన కాలాలకూ వాటి వాటి పండగలున్నాయి. ఉగాదికి అవొసెట్ల తల, మెడ ఇటుకరంగు ఎక్కుతాయి. చలికాలమంతా బూడిదరంగులో ఉన్న పిట్టలవి, పైకి వంగిన సన్నటి ముక్కు. ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెడతాయి. పొదిగిన పిల్లలు ఒక్కరోజులోనే గూడు వదిలి నడుస్తాయి. తల్లి అరుస్తూ మన ముందు కుంటినడక నడిస్తే గూడు దగ్గరే ఉందని అర్థం. కెమెరా దించి వెనక్కి రావాలి, దీనిలో మా ఇంట్లో బేరం లేదు. దసరా నుంచి అలాస్కా, కెనడాల బాతులు దిగుతాయి. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు మన కొల్లేరుకూ వస్తాయి. జాతి ఒకటే, దారులు వేరు. అక్కడికొచ్చేవి మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి. గరిటెముక్కులు గుంపుగా చేరి నీళ్లలో గిరగిరా తిరుగుతూ అడుగున ఉన్న మేతను పైకి లేపుతాయి. షట్టర్ నెమ్మదిస్తే ఆ గుంపంతా బొంగరంలా వస్తుంది ఫొటోలో. దీపావళికి పికిల్‌వీడ్ అనే ఉప్పుమొక్క ఎర్రబడి గట్ల పక్కన నేలంతా కుంకుమ పోసినట్టుంటుంది. అప్పుడు కొంగ ఫొటో తీస్తే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించుకోవాలి. లేకపోతే తెలుపంతా కాలిపోయి ఈకలు కనిపించవు.

ఒక్క రోజుకు మాత్రం ఏ పండగా సరిపోదు. 2020 సెప్టెంబర్ 9. కార్చిచ్చుల పొగ మంచుపొర పైన కమ్మి పట్టపగలే ఆకాశం నారింజరంగులో చీకటిపడింది. బాల్కనీలోంచి ఫోన్‌తో తీస్తే, ఫోను దాన్ని తప్పనుకుని దిద్దేసి మామూలు మబ్బులా బూడిదరంగు చూపించింది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను పగటివెలుతురుకు కట్టేశాకే కంటికి కనిపించిన రంగు వచ్చింది. అమ్మాయి అప్పటికి చిన్నది, చాలా భయపడింది. ఆ ఫొటోను ఇప్పుడు తనే గోడమీద పెట్టింది. ఇది కూడా మన ఊళ్లో జరిగిందేగా అంటుంది. మన ఊరు అని ఫ్రీమాంట్‌ను అంటుంది, చినగంజాంను కూడా అంటుంది.

ఈ మధ్య పిల్లలిద్దరూ తాతయ్య, అమ్మమ్మల కోసం ఒక క్యాలెండర్ తయారుచేస్తున్నారు. చైత్రంతో మొదలుపెట్టి నెలకో ఫొటో, కింద అమ్మాయి చేతిరాతలో తెలుగు పేరు. పుష్యానికి పెద్దపోటు, కార్తీకానికి ఎర్రనేల ఖాయమయ్యాయి. చిక్కంతా 2026 దగ్గర వచ్చింది. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి పదమూడో ఫొటో కావాలి. అబ్బాయి రెండు జ్యేష్ఠాలకూ పిట్టపిల్లలే ఉండాలంటాడు. అమ్మాయి అధికమాసానికి పొగమంచు పెడతానంటుంది. తీర్పు చెప్పమని మా నాన్నకు ఫోన్ చేశారు. జ్యేష్ఠమంటే కొఠారులో ఊపిరి సలపని పని, ఉప్పుకుప్ప పెట్టండర్రా అన్నారు ఆయన. పక్క ఊరు న్యూవార్క్‌లో తెల్లటి ఉప్పు గుట్ట రోడ్డు మీంచే కనిపిస్తుంది. ఎండ నెత్తిమీదికొస్తే అందులో నీడలు చచ్చిపోతాయి కాబట్టి పొద్దున్నే పోవాలని అమ్మాయి శనివారానికి అలారం పెట్టింది.