ఎకరా వరికి ముప్పై ఎకరాల వాన

అనంతపురం జిల్లాలో మాది గుట్టల కింద ఊరు. ఆ గుట్టల్లో పుట్టే వంక ముందు పై ఊరి చేలల్లో పారి, ఆ తర్వాత మా చెరువులో పడుతుంది. వాళ్లు వంక మీద చెక్‌డ్యాం కట్టినప్పుడల్లా మా ఊళ్లో ఒకటే మాట: "మా నోట్లో మన్ను కొట్టినారు." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే చోట ఆ కోపం తప్పని నేననను. ఆ రెండు ఊళ్లూ కలిసి నీళ్ల లెక్క వేసుకునే దాకా ఎలా వచ్చామో రాస్తున్నాను. ఇలాంటి పనికి దిగేవాళ్లకు పనికొస్తుంది.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాననూ బోర్లనూ కొలిచి, రబీకి ముందు నీళ్ల బడ్జెట్ వేసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటు కూడా ఉండేది. అప్పట్లో ఆ పని చేసిన బంధువు ఒకాయన మా పక్క మండలంలో ఉన్నాడు. మాకు గురువు ఆయనే.

ముందు రెండు ఊళ్లవాళ్లం గుట్ట నెత్తి నుంచి చెరువు దాకా కలిసి నడిచాం. పైన వాలుకు అడ్డంగా కందకాలు, గండ్లలో రాళ్లకట్టలు, వాటి కింద ఊటకుంటలు, అన్నిటికంటే చివర చెక్‌డ్యాం అనుకున్నాం. పైన పని చేయకుండా కింద కడితే రెండు వానలకే ఒండ్రుతో పూడిపోతుంది. చెక్‌డ్యాం ఫొటోలో బాగా పడుతుంది కాబట్టి అందరికీ అదే ముద్దు. కందకాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకే గ్రామసభ తీర్మానంలోనే ఈ వరస రాయించి, ఉపాధి హామీలో కందకాలు ముందు పెట్టించాం. అవి అయ్యేదాకా వంకలో కొత్త చెక్‌డ్యాం వద్దని పై ఊరు ఒప్పుకుంది. గొడవ సగం అక్కడే చల్లారింది.

తర్వాత కొలతలు. బడి ఆవరణలో పెట్టిన వానమాపకంలో రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. నీళ్లు తగిలితే కూత పెట్టే టేపును కొన్ని బోర్లలోకి వదిలి లోతు కొలవాలి. అన్నిటికంటే రచ్చ చేసింది డ్రమ్ము. రెండొందల లీటర్ల డ్రమ్మును ట్రాక్టర్లో వేసుకుని చేను చేనుకూ తిరిగాం. పైపు డ్రమ్ములో పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కడమే. వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. మోటారు వేసిన అరగంట తర్వాతే కొలవాలి, లేకపోతే బోరులో నిలిచి ఉన్న నీళ్లే లెక్కకొస్తాయి. రెండించుల నీళ్లని ఊరంతా చెప్పుకునే బోరొకటి, డ్రమ్ము సగానికి రాకముందే గాలి కక్కడం మొదలుపెట్టింది. దాని యజమాని డ్రమ్ము చిల్లేమోనని వంగి అడుగు తడిమి చూశాడు.

అక్టోబర్‌లో పంచాయతీ ఆఫీసు ముందు మీటింగ్. లెక్క ఎకరా చొప్పున గోడమీద రాశాం. 400 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరాలో కురిసేది 16 లక్షల లీటర్లు. మా రాతినేలలో అందులో భూమిలోకి దిగేది పదో వంతు, అంటే లక్షా అరవై వేలు. ఎకరా వరి పండాలంటే 1200 మిల్లీమీటర్లు పారించాలి, అంటే 48 లక్షల లీటర్లకు పైమాటే. వెరసి ఎకరా వరికి ముప్పై ఎకరాల ఊట. వేరుశనగకైతే ఇందులో సగం కూడా అక్కర్లేదు.

"మడిలో పారించిన నీళ్లు మళ్లీ కిందికే కదప్పా దిగేది?" అని ఒక పెద్దాయన పట్టుకున్నాడు. నిజమే, కొంత దిగుతుంది. ఆ కొంత తీసేసి మళ్లీ వేసినా ముప్పై కాస్తా ఇరవై అయింది, అంతే. ఆ తర్వాత వరి మాట ఎత్తినవాళ్లు తక్కువ. ఎవరినీ వరి వేయొద్దని మేం శాసించలేదు. ఆ అధికారం మాకెక్కడిది? నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి, కానీ రిగ్గు బండి రాత్రిపూట వచ్చి తెల్లారేలోగా పోతుంది.

అసలు టెన్షన్ బోర్లు పంచుకునే దగ్గర. బోరున్నవాళ్లు ఎండు పట్టినప్పుడు పక్క చేనుకు ఒకటో రెండో తడులివ్వాలి, తీసుకున్నవాళ్లు కొత్త బోరు వేయకూడదు. ఇదీ ఒప్పందం. "అప్పు చేసి వేసిన బోరు, నేనెందుకియ్యాల?" అని ఒకాయన లేచాడు. వెనక కూర్చున్న పెద్దమ్మ ఒకరు, "వాడూ అప్పు చేసి నీ గట్టు పక్కనే బోరేస్తాడు నాయనా, అప్పుడు ఇద్దరికీ గాలే. రెండు తడులిస్తే నీ నీళ్లు నీకుంటాయి" అంది. ఆయన కూర్చున్నాడు. సంతకం మాత్రం వెంటనే పెట్టలేదు, ఇంటికి పోయి ఆలోచించుకుని మర్నాడు వచ్చి పెట్టాడు. బోర్లను పైపులతో కలిపి స్ప్రింక్లర్లు వేసుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది, బిల్లులు తిరిగి తిరిగి వచ్చాయి.

పోయినసారి ఒక్క రాత్రిలో 90 మిల్లీమీటర్లు దాటింది. తర్వాత నెల రోజులు చినుకు లేదు. వేరుశనగ ఊడలు దిగే వేళ ఆ తడులు పడిన చేలల్లో కాయ నిలిచింది, పడనివి ఎండిపోయాయి. దాంతో ఒప్పందంలోకి ఇంకొందరు వచ్చారు.

ఈసారి మీటింగ్ పై ఊళ్లో. వంక గట్టున టౌన్ వాళ్లు కౌలుకు తీసుకుని దానిమ్మ పెట్టారు, వాళ్లనూ పిలిచాం. వస్తామన్నారు. డ్రమ్మును మాత్రం తోటలోకి ఇంకా రానివ్వలేదు.