లూసిల్ బాల్: నలభై ఏళ్లకు అందిన పాత్ర

1951 అక్టోబర్ 15, సోమవారం రాత్రి 9 గంటలకు అమెరికాలో సీబీఎస్ టెలివిజన్‌లో 'ఐ లవ్ లూసీ' హాస్య ధారావాహిక మొదటి భాగం ప్రసారమయ్యే నాటికి లూసిల్ బాల్‌కు 40 ఏళ్లు నిండి రెండు నెలలు దాటింది. ఆమె హాలీవుడ్‌కు వచ్చి అప్పటికి 18 ఏళ్లు. డజన్ల కొద్దీ సినిమాల్లో నటించినా ఆమెను పెద్ద తారగా ఎవరూ లెక్కపెట్టలేదు. చిన్న బడ్జెట్ చిత్రాలకు రాణి అని మాత్రం పిలిచేవారు, అందులో మెచ్చుకోలు ఎంత ఉందో చిన్నచూపూ అంతే ఉంది. నటీమణులకు అవకాశాలు తగ్గిపోయే ఆ వయసులోనే ఆమె అసలు ప్రస్థానం మొదలైంది. ఆమెను పుట్టుకతోనే హాస్యనటి అని, దేవుడిచ్చిన వరమని తేల్చేసే మాట విన్నప్పుడల్లా నాకు అభ్యంతరంగానే ఉంటుంది. ఆమె సాధించినదంతా పట్టుబట్టి నేర్చుకున్నదే, అడిగి దక్కించుకున్నదే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఆమె 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. టెలిఫోన్ తీగలు వేసే పని చేసే తండ్రి 1915లో టైఫాయిడ్‌తో చనిపోయేసరికి ఆమెకు నాలుగేళ్లు కూడా నిండలేదు. పక్కనే ఉన్న సెలరాన్ అనే ఊళ్లో తల్లి తరఫు తాత ఫ్రెడ్ హంట్ ఇంట్లో పెరిగింది. రంగస్థల వినోద ప్రదర్శనలకు ఆమెను తీసుకెళ్లి ఆ రుచి చూపించింది ఆ తాతే. 1927లో ఆ ఇంటి పెరట్లో పిల్లలు తుపాకీతో గురి చూసి కాల్చడం నేర్చుకుంటుండగా తూటా తగిలి ఒక బాలుడు చచ్చుబడిపోయాడు. కోర్టు కేసులో తాత సర్వస్వం కోల్పోయాడు, ఇల్లు కూడా పోయింది. అంతకుముందే, కౌమారంలో ఉండగా, న్యూయార్క్ నగరంలో ఒక నాటక శిక్షణ పాఠశాలలో చేరితే, ఈ అమ్మాయికి బిడియం ఎక్కువ, మీ డబ్బు వృథా అని పాఠశాలవారు తల్లికి తెలియజేశారు. అదే పాఠశాలలో ఆమెతో పాటు చదువుకున్న, తర్వాత పెద్ద సినీతార అయిన బెట్టీ డేవిస్ అప్పటికే అందరి మెప్పూ పొందుతోంది. లూసిల్ ఇంటికి తిరిగి వచ్చింది గానీ మళ్లీ న్యూయార్క్ వెళ్లి మోడల్‌గా పనిచేసి, 1933లో ఒక సినిమాలో బృంద నర్తకిగా హాలీవుడ్ చేరింది.

ఆ సినిమా సంవత్సరాలను త్వరగా దాటేయవచ్చు, ఒక్క విషయం తప్ప. ఎంజీఎం స్టూడియోలో ఉన్న రోజుల్లో ఆమె జుట్టుకు ఎర్ర రంగు వేశారు, అది జీవితాంతం ఆమె గుర్తుగా నిలిచిపోయింది. అయితే అక్కడే ఆమెకు అంతకన్నా విలువైనది దొరికింది. మూకీ చిత్రాల మహానటుడు బస్టర్ కీటన్ అప్పటికి వైభవం పోయి అదే స్టూడియోలో చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. ఈమెలోని హాస్యాన్ని గుర్తించిన అతికొద్ది మందిలో ఆయనొకడు. చేతిలో ఉన్న వస్తువును ఎలా వాడాలో, ఎక్కడ ఆగాలో, ఎంత గంభీరంగా ఉంటే చూసేవారికి అంత నవ్వు వస్తుందో ఆమెకు చెప్పింది ఆయనే. స్టూడియోకు ఆ ఇద్దరి విలువా తెలియలేదు.

1940లో ఒక సినిమా చిత్రీకరణలో పరిచయమైన డెసీ ఆర్నాజ్‌ను అదే సంవత్సరం నవంబర్‌లో పెళ్లి చేసుకుంది. క్యూబాలో పుట్టిన సంగీతకారుడు, ఆమెకంటే ఆరేళ్లు చిన్నవాడు. బ్యాండుతో అతను ఊళ్లు తిరుగుతూ ఉంటే ఆమె హాలీవుడ్‌లో ఒంటరిగా ఉండేది. 1948లో సీబీఎస్ రేడియోలో ఆమె చేసిన భార్యాభర్తల హాస్య ధారావాహిక బాగా ఆదరణ పొందడంతో దాన్ని టెలివిజన్‌కు తెద్దామని సంస్థ అడిగింది. భర్త పాత్రకు డెసీనే కావాలని ఆమె షరతు పెట్టింది. తెల్లజాతి అమెరికన్ స్త్రీకి స్పానిష్ యాసతో మాట్లాడే భర్తను జనం ఒప్పుకోరని సంస్థవారు అన్నారు. ఆమె వాదన పెట్టుకోలేదు. 1950లో ఇద్దరూ కలిసి ఒక ప్రదర్శన తయారుచేసి ఊరూరా వేదికలెక్కారు, జనం విరగబడి నవ్వారు. ఆ ఏడే 'డెసీలూ' అనే సొంత సంస్థ పుట్టింది.

'ఐ లవ్ లూసీ' తయారీలో తీసుకున్న ఒక నిర్ణయం టెలివిజన్ చరిత్రనే మలుపు తిప్పింది. అప్పట్లో కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దేశం రెండో వైపున ఉన్నవారికి టీవీ తెరకు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి తీసిన మసక ప్రతులు పంపేవారు. ప్రాయోజకులైన ఫిలిప్ మోరిస్ సిగరెట్ సంస్థ వీరిని న్యూయార్క్ రమ్మంది. భార్యాభర్తలిద్దరూ హాలీవుడ్ వదిలేది లేదన్నారు, దానికి బదులు మేలైన 35 ఎంఎం ఫిల్ముపై తీస్తామన్నారు. అదనపు ఖర్చు కోసం వారానికి వెయ్యి డాలర్లు జీతం తగ్గించుకోవడానికి ఒప్పుకుని, ప్రతిగా ఆ ఫిల్ముల యాజమాన్యం తమకే ఉండాలన్నారు. ఒకసారి ప్రసారమైన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారనే కాలం కాబట్టి సీబీఎస్ పెద్దగా ఆలోచించకుండానే సరేనంది. జర్మనీ నుంచి వచ్చిన ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ పైనుంచి సమంగా పడే వెలుతురును ఏర్పాటు చేశాడు. దాంతో ప్రేక్షకుల ఎదుట, నాటకం ఆడినట్టు ఆగకుండా ఆడుతూనే, మూడు కెమెరాలతో ఒకేసారి చిత్రీకరించడం కుదిరింది. ఇవాళ్టికీ అమెరికాలో ప్రేక్షకుల నవ్వులతో వచ్చే హాస్య ధారావాహికలు ఈ దారిలోనే నడుస్తున్నాయి.

ఆమె పనితనం చూడాలంటే 1952 మే నెలలో ప్రసారమైన టానిక్ ప్రకటన భాగం చూడాలి. భర్త నిర్వహించే టీవీ కార్యక్రమంలో 'వైటమీటావెజమిన్' అనే టానిక్ గురించి చెప్పే అవకాశం లూసీ ఎలాగో సంపాదిస్తుంది. అందులో 23 శాతం ఆల్కహాల్ ఉందని ఆమెకు తెలియదు. మొదటిసారి చెంచాడు తాగగానే ముఖం వికారంగా ముడుచుకుపోతుంది, దాన్ని నవ్వుగా మార్చుకోవడానికి కండరం కండరంతో పెనుగులాడుతుంది. దర్శకుడు మళ్లీ చేయమంటాడు. రెండోసారి వికారం కొంచెం తగ్గుతుంది, ఆ తర్వాత రుచి నచ్చడం మొదలవుతుంది. అవే వాక్యాలు, అదే వరుస. కానీ ఒక్కో విడతకూ ఒక్కో అక్షరం జారుతుంది, కనురెప్ప కాస్త బరువెక్కుతుంది, చెంచాలో పోయాల్సిన మందు బల్లమీద పడుతుంది, చివరికి చెంచా పక్కన పెట్టి సీసానే ఎత్తుతుంది. ఎక్కడా ఒక్క మెట్టు దాటెయ్యదు, ఒక్క మెట్టు ముందుగా ఎక్కదు. తాగినవాళ్ల వేషం వేసే నటులు సాధారణంగా మొదటి క్షణం నుంచే తూలుతారు. ఈమె మాత్రం నిటారుగా నిలబడాలని ప్రాణం పెట్టి ప్రయత్నిస్తున్న మనిషిని చూపిస్తుంది. ఎదుట ప్రేక్షకులు కూర్చుని ఉండగా అంత పొడవైన ఘట్టాన్ని అంత కొలతతో చేయడం వెనక రోజుల తరబడి సాధన ఉంది. రచయితల్లో ఒకరైన మాడెలిన్ ప్యూ అనే యువతి, లూసిల్ చేయాల్సిన విన్యాసాలను ముందు తానే ప్రయత్నించి చూసేదట. ఆమె, బాబ్ కారల్, జెస్ ఓపెన్‌హైమర్ రాసి ఇవ్వకపోతే ఇవేవీ లేవు, ఆ మాట లూసిల్ కూడా ఎప్పుడూ దాచలేదు.

పక్కింటి ఎథెల్‌గా నటించిన వివియన్ వాన్స్ గురించి కూడా చెప్పి తీరాలి. ఆమె నాటకరంగం నుంచి వచ్చిన నటి, వయసులో లూసిల్‌కంటే రెండేళ్లే పెద్ద. తనకంటే 22 ఏళ్లు పెద్దవాడైన విలియం ఫ్రాలీకి భార్యగా నటించాల్సి రావడం ఆమెకు ఏమాత్రం నచ్చలేదు. అయినా తెర మీద లూసీ ఏ పిచ్చి ఆలోచన చేసినా, 'వద్దు' అని కళ్లతో చెబుతూనే వెంట నడిచే ఆ స్నేహితురాలు లేకపోతే, అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఘట్టంలో సగం నవ్వు ఉండేది కాదు.

రెండో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఆ సంగతిని కథలోనే పెట్టాలని దంపతులు అడిగారు. గర్భవతిని తెరపై చూపడానికే టీవీ సంస్థలు సంకోచించే కాలమది. డెసీ నేరుగా ప్రాయోజక సంస్థ అధిపతికి ఉత్తరం రాశాక అభ్యంతరాలు ఆగిపోయాయి, కానీ 'గర్భవతి' అన్న మాట వాడకూడదన్నారు. ఒక క్యాథలిక్ మతగురువు, ఒక ప్రొటెస్టెంట్ మతగురువు, ఒక యూదు మతగురువు ప్రతి స్క్రిప్టునూ చదివి ఆమోదించారు. ఆ వరుసలో మొదటి భాగం చివర, భర్త పాడే క్లబ్బుకు ఒక చీటీ వస్తుంది: ఇక్కడున్న ఒక భార్య తల్లి కాబోతోంది, భర్తకు ఇంకా చెప్పలేదు, ఒక పాట పాడండి అని. అతను పాడుతూ ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి మీరేనా అని అడుగుతూ, చివరికి లూసీ కూర్చున్న బల్ల దగ్గరికి వస్తాడు. ఆమె తల ఊపుతుంది. అతను ఒక్క క్షణం నమ్మలేకపోతాడు. ఆ కన్నీళ్లు నటన కావు. కెమెరాలు తిరుగుతుండగా ఇద్దరికీ నిజంగానే ఏడుపు ఆగలేదు, ఆ చిత్రణనే అలాగే ఉంచేశారు.

1953 జనవరి 19న కథలో లూసీకి కొడుకు పుట్టిన భాగాన్ని దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. అదే రోజు లూసిల్‌కు నిజంగానే కొడుకు పుట్టాడు. మర్నాడు అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణస్వీకారాన్ని చూసినవారు 2 కోట్ల 90 లక్షల మంది.

ఆ ఏడాదే గండం వచ్చింది. 1936లో ఆమె కమ్యూనిస్టు ఓటరుగా నమోదు చేసుకున్న సంగతి బయటపడింది. సోషలిస్టు అయిన తాత మనసు నొప్పించలేక అలా చేశానని సెప్టెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ విచారణ సంఘానికి చెప్పింది. ఎందరో కళాకారుల జీవితాలు ఇలాంటి ఒక్క కాగితంతో ధ్వంసమైన రోజులవి. చిత్రీకరణకు వచ్చిన ప్రేక్షకుల ముందు నిలబడి, లూసీలో ఎరుపంటూ ఉంటే అది జుట్టు ఒక్కటే, అదీ అసలు రంగు కాదని డెసీ అన్నాడు. జనం ఆమె పక్షాన నిలిచారు.

1957లో 180 భాగాలతో ధారావాహిక ముగిసింది. పాత భాగాల హక్కులను సీబీఎస్‌కు అమ్మగా వచ్చిన సొమ్ము అండతో, దాదాపు 60 లక్షల డాలర్లకు ఆర్‌కేవో స్టూడియోను డెసీలూ కొనుక్కుంది. ఒకప్పుడు లూసిల్ చిన్న పాత్రల కోసం జీతానికి పనిచేసిన స్టూడియో అదే. వ్యాపారం పెరిగింది గానీ ఇల్లు నిలవలేదు. డెసీ తాగుడు, ఇతర స్త్రీలతో సంబంధాలు భరించలేక, 1960 మార్చిలో, ధారావాహిక తర్వాత చేస్తూ వచ్చిన ప్రత్యేక కార్యక్రమాల్లో కలిసి నటించిన చివరి భాగం చిత్రీకరణ ముగిసిన మర్నాడే ఆమె విడాకులకు దరఖాస్తు చేసింది. 1962లో అతని వాటా కొనేసి సంస్థకు తానే అధ్యక్షురాలైంది. అంత పెద్ద స్టూడియోను నడిపిన తొలి మహిళగా ఆమెను గుర్తిస్తారు. 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష ధారావాహిక ఖర్చు గురించి సంస్థలోని పెద్దలు వద్దన్నా ముందుకు వెళ్లమన్నది ఆమే. 1967లో సంస్థను 1 కోటి 70 లక్షల డాలర్లకు అమ్మింది.

తర్వాతి ధారావాహికలు 1974 దాకా బాగానే నడిచాయి. నా దృష్టిలో మాత్రం వాటిలో ఏదో వెలితి ఉంది: లూసీ చేష్టలకు కోపగించి, క్షమించి, ప్రేమించే ఆ భర్త లేడు. 75 ఏళ్ల వయసులో, 1986లో, మళ్లీ అదే తరహా పాత్రతో వస్తే 8 భాగాలకే ఆపేశారు, ఆమె చాలా కుంగిపోయింది. ఆ డిసెంబర్ 2న డెసీ మరణించాడు. ఐదు రోజుల తర్వాత వాషింగ్టన్‌లో కెనెడీ సెంటర్ గౌరవ సభలో, అతను ముందే రాసి ఉంచిన మాటలను నటుడు రాబర్ట్ స్టాక్ చదివాడు; లూసీని ప్రేమిస్తున్నానన్నది ఎన్నడూ ఒట్టి కార్యక్రమం పేరు కాదన్నది వాటి సారం. 1989 ఏప్రిల్ 26న లాస్ ఏంజెలెస్‌లో, 77 ఏళ్ల వయసులో, బృహద్ధమని చిట్లి లూసిల్ మరణించింది.

ఆమెను కొత్తగా చూడబోయేవారు మొదటి భాగం నుంచి వరుసగా మొదలుపెట్టనక్కరలేదు. ముందు టానిక్ ప్రకటన, ఆ తర్వాత చాక్లెట్ ఫ్యాక్టరీ, ఆపైన క్లబ్బులో పాట ఉన్న భాగం చూడండి. మూడూ 1952లో, ఏడెనిమిది నెలల వ్యవధిలోనే వచ్చాయి. ఆమె ఎంత దూరం వెళ్లగలదో ఆ మూడింటిలో తెలిసిపోతుంది. టానిక్ భాగాన్ని మాత్రం రెండుసార్లు చూడండి, రెండోసారి మాటలు వదిలేసి ఆమె చేతుల్ని గమనించండి.