చిన్న రివాల్వరే తేలికట!

హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లూ ఈ తుపాకీ గోల లేదు, ఎందుకంటే ఆ వీసా వాళ్లు వేట లైసెన్సులాంటి మినహాయింపు ఉంటే తప్ప ఇక్కడ అమెరికాలో తుపాకీ పెట్టుకోకూడదు. గ్రీన్ కార్డు వచ్చింది, దాంతో పాటే టెక్సాస్ మిత్రుల ఉచిత సలహాలూ మొదలయ్యాయి. అందరిదీ ఒకటే మాట, కొత్తవాళ్లకి చిన్న రివాల్వరే బెస్ట్, గురిపెట్టి నొక్కడమే అని.

సరే చూద్దామని పోయిన శనివారం నేనూ మా ఆవిడా, తెలిసిన ఒకన్నతో కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. ఆయన దగ్గర రెండూ ఉన్నాయి, స్మిత్ అండ్ వెస్సన్ 642 రివాల్వర్, గ్లాక్ 19 పిస్టల్.

642 చేతిలోకి తీసుకోగానే నచ్చేసింది. ఖాళీగా 400 గ్రాముల పైచిలుకు, బారెల్ రెండంగుళాలు కూడా లేదు, తూటాని పేల్చే సుత్తి, అదే హ్యామర్, లోపలే ఉంటుంది కాబట్టి జేబులోంచి తీస్తే బట్టకి తగులుకోదు. ఏడు గజాల దూరంలో కాగితం పెట్టి మొదటిది కాల్చానో లేదో అరచెయ్యి చుర్రుమంది. అంత తేలిగ్గా ఉండటం వల్లే .38 స్పెషల్ తూటా తన్నే తన్నంతా చేతికే వస్తుంది మరి. పైగా ట్రిగ్గర్‌ని ప్రతిసారీ ఐదు కిలోల పైన బలంతో లాగాలి, అలా లాగుతుండగానే తుపాకీ మూతి పక్కకి తిరిగిపోతుంది. ఉన్నవే ఐదు తూటాలు, అందులో నావి రెండు కాగితం అంచున పడ్డాయి, మిగతా మూడూ ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. మా ఆవిడ మూడు కాల్చి "నా వల్ల కాదు" అని కింద పెట్టేసింది.

గ్లాక్ దగ్గర ఆమెకి స్లైడే, అంటే తూటాని లోపలికి ఎక్కించడానికి వెనక్కి లాగాల్సిన పైభాగమే, రాలేదు. "లాగొద్దమ్మా, స్లైడ్ గట్టిగా పట్టుకుని రెండో చేత్తో పిడిని ముందుకు తొయ్యి" అన్నాడు అన్న, అంతే, వచ్చేసింది. ఆ తర్వాత నిమ్మళంగా కాల్చుకుంటూ పోయింది, చాలావరకు అరచెయ్యంత మేరలోనే పడ్డాయి. 9 ఎంఎం తూటాలు, పిడిలో పెట్టే తూటాల పెట్టె అంటే మ్యాగజైన్‌లో 15, ట్రిగ్గర్ బరువు రివాల్వర్‌లో సగం. నా మణికట్టే వదులైనట్టుంది, పేలిన తూటా ఖాళీ తొడుగు ఒకటి పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుపోయింది. రివాల్వర్‌లో అయితే తూటా పేలకపోయినా మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా ఉన్న గది తిరిగి వచ్చేస్తుంది. ఆ మాటవరకు మిత్రులు చెప్పింది నిజమే.

నాకు భయం వేసింది మాత్రం ఇంకో చోట. పిస్టల్‌లోంచి మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయిపోయిందనే అనుకున్నాను నేను! అన్న స్లైడ్ వెనక్కి లాగితే టప్‌మని బారెల్ మొదట్లో మిగిలిపోయిన ఒక తూటా బల్ల మీద పడింది. ఒంట్లో చెమట పట్టింది. గ్లాక్‌కి విడిగా సేఫ్టీ మీట కూడా ఉండదు. రివాల్వర్‌ అయితే తూటాలుండే సిలిండర్ పక్కకి తెరిస్తే ఐదు గదులూ కళ్లెదుటే, ఉందా లేదా అన్న అనుమానమే ఉండదు.

అయినా కొంటే గ్లాకే కొంటాను, తగలని తుపాకీ జేబులో ఎంత బాగా ఇమిడితే మాత్రం ఏం లాభం? కారులో ఇదే మాట అంటే మా ఆవిడ వెనక సీటు వైపు చూసింది, అక్కడ మా పిల్లాడి బూస్టర్ సీటు. "ముందు సేఫ్ కొనండి, తుపాకీ సంగతి తర్వాత చూద్దాం" అంది. వారం నుంచి సేఫ్‌లే చూస్తున్నాను.