మైనస్ 20లో గాలి పట్టిన మోటారు

అనంతపురం నుంచి విమానం ఎక్కేవాళ్లకు బెంగళూరు నగరంలోకి దిగే అవస్థ లేదు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటితే దేవనహళ్లి దగ్గరే విమానాశ్రయం వస్తుంది. జనవరి రెండో వారంలో నేనూ నా భార్యా అలాగే బయలుదేరి, అమెరికాలో మినియాపొలిస్ శివారులో ఉన్న మా అమ్మాయి ఇంటికి చేరుకున్నాము. మేపుల్ గ్రోవ్ గుడిని చూశాము, గడ్డకట్టిన చెరువు మీద లారీలాంటి బండ్లు నిలిపి మంచుకు బొక్క పెట్టి చేపలు పట్టేవాళ్లనూ చూశాము. వాటి గురించి చాలామంది రాశారు. నేను ఒక్క శనివారం గురించే రాయాలనుకుంటున్నాను.

మా అల్లుడు కిందటి వేసవిలో పెరట్లో పెట్టుకోవడానికి వేడినీళ్ల తొట్టి ఒకటి కొన్నాడు. ఆరుగురు కూర్చోగలిగే, మోటారుతో నీళ్లు చిమ్మే తొట్టి అది. అక్కడ చలికాలంలో నేల లోతుగా గడ్డకడుతుంది. ఆ ప్రాంతంలో ఇంటి పునాదులు 42 అంగుళాల కిందికి వెళ్లాలనే నిబంధన అందుకే ఉంది. నేల బిగుసుకోకముందే, అక్టోబరులోనే, అతడు కాంక్రీటు దిమ్మె పోయించి పెట్టుకున్నాడు. డబ్బంతా ముందే తీసుకున్న దుకాణంవాళ్లు నవంబరులో ఇస్తామన్న తొట్టిని జనవరి మూడో వారంలో తెచ్చారు. దాన్ని నడిపించి చూపవలసిన మనిషిని మాత్రం చలి తగ్గాక పంపుతామన్నారు. చలికాలం కోసం కొన్న వస్తువును చలి తగ్గాక వాడుకొమ్మనడం నాకు చాలా కోపం తెప్పించింది.

కరెంటు పని చేసినతను తీసుకున్న కూలి మన లెక్కలో లక్ష రూపాయలకు తక్కువ కాదు. ఆ ధర విని నొచ్చుకున్నాను కానీ, పనిలో వంక పెట్టడానికి లేదు. 240 వోల్టుల లైను, 50 ఆంపియర్ల బ్రేకరు, కొద్దిపాటి కరెంటు నీళ్లలోకి జారినా క్షణంలో ఆగిపోయే ఏర్పాటు, నీళ్లకు ఐదు అడుగులకు పైగా దూరంలో కంటికి కనబడేలా కరెంటు ఆపే పెట్టె, ఇవన్నీ నియమం ప్రకారం ఉన్నాయి. బకెట్‌లో హీటరు కడ్డీ వేసి, స్విచ్చి ఆపకుండానే నీళ్లు వెచ్చబడ్డాయో లేదో వేలు పెట్టి చూసే మన ఇళ్లు గుర్తుకొచ్చి, అంత జాగ్రత్త మన దగ్గర ఎందుకు లేదని బాధపడ్డాను.

ఆ శనివారం మధ్యాహ్నం మైనస్ 20 డిగ్రీలు. నలుగురు మనుషులు తొట్టిని పక్కకు నిలబెట్టి, చక్రాల పలక మీద తోసుకొచ్చి, దిమ్మె మీద పడుకోబెట్టి వెళ్లిపోయారు. దారిలో కుదుపులకు పైపుల జాయింట్లు వదులవుతాయని పుస్తకంలో రాసి ఉంది కాబట్టి, పక్క పలక ఊడదీసి ఒక్కొక్కటే చేత్తో బిగించాము. ఒక జాయింటు కోసం గ్లౌజు తీస్తే, నాలుగో మలుపుకే వేళ్లు నావి కాకుండా పోయాయి.

పెరటి కొళాయిని చలికాలానికి ముందే ఖాళీ చేసి కట్టేస్తారు. అందుకని బట్టలుతికే గది కొళాయి నుంచి కిటికీ గుండా రబ్బరు పైపు లాగాము. ఇంట్లో వేడినీళ్ల ట్యాంకులో ఉండేది 190 లీటర్లే, తొట్టికి కావలసింది 1,500 లీటర్లు. మా బిందెల లెక్కలో అది వంద బిందెలు. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో అమ్మ రోజుకు ఎనిమిది బిందెలు మోసేది. పైపులోంచి ధారగా పడే నీళ్లను చూస్తున్నంతసేపూ నేను ఆ బిందెలనే లెక్కపెట్టుకున్నాను.

నీళ్లను నేరుగా తొట్టిలోకి వదలకూడదు. ఫిల్టరు ఉండే గుంటలో పైపు పెడితే నీళ్లు లోపలి గొట్టాల్లోకి కింది నుంచి ఎక్కి గాలిని బయటికి తోస్తాయి. మొదట అల్లుడు అలాగే పెట్టాడు. చీకటి పడుతోందన్న తొందరలో సగంలో పైపు తీసి తొట్టిలోకి వేశాడు. ఐదు గంటలకు బ్రేకరు వేస్తే మోటారు తిరిగింది, నీళ్లు మాత్రం కదలలేదు.

"మామా, మోటారు తిరుగుతాంది గానీ నీళ్లు రావడంల్యా" అన్నాడు. అతడి గొంతులో భయం తెలిసింది. నీళ్లు కదలకపోతే హీటరు పనిచేయదు. హీటరు పనిచేయకపోతే సన్నటి గొట్టాల్లో నిలిచిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బి వాటిని చీలుస్తాయి. అవి పగిలితే ఆ చలిలో బాగుచేయడానికి వచ్చేవాడు ఉండడు. దుకాణానికి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు సోమవారం మాట్లాడమంది.

నేను మోకాళ్ల మీద కూర్చుని మోటారు దగ్గర చెవి పెట్టాను. ఆ వట్టి కూత నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా నాయన బావి మీద ఐదు హార్స్‌పవర్ మోటారు ఉండేది. పైపులో నీళ్లు వెనక్కి బావిలోకి జారకుండా అడుగున ఆపే ఫుట్‌వాల్వు కారిపోయిన రోజు అది ఇలాగే కూసేది. అప్పుడు నాయన పేడనీళ్లు కలిపి పంపు నెత్తిన పోసి, గాలి బుడగలు ఆగేదాకా నింపి, బిరడా బిగించి మళ్లీ స్విచ్చి వేసేవాడు. "గాలి పట్టింది అల్లుడూ, బ్రేకరు ఆపు" అన్నాను. మోటారు పై జాయింటును అర మలుపు వదులు చేయగానే బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత నురగ, ఆ తర్వాత నిండు ధార. జాయింటు బిగించి బ్రేకరు వేస్తే నీళ్లు కొంచెం కదిలి ఆగిపోయాయి. రెండోసారి అలాగే చేశాక తొట్టి అడుగు నుంచి నీళ్లు పొంగి పైకి లేచాయి. నా చొక్కా చేతి మీద పడ్డ నీళ్లు మేము పలక మూసేలోగానే అట్టలా బిగుసుకున్నాయి.

హీటరు 5.5 కిలోవాట్లది. లెక్క వేస్తే 1,500 లీటర్లు ఒక్క డిగ్రీ వెచ్చబడడానికి 19 నిమిషాలు పడుతుంది. 12 డిగ్రీల దగ్గర మొదలైన నీళ్లు 38కి చేరడానికి ఎనిమిది గంటలు పైగా కావాలి, ఆ చలిలో ఇంకా ఎక్కువ. మందపాటి మూత వేసి అందరూ పడుకున్నారు. నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాను. "ఇక్కడ కరెంటు పోదు, పడుకో నాయనా" అని అమ్మాయి రెండుసార్లు వచ్చి చెప్పింది. మూడు ఫేజుల కరెంటు ఏ రాత్రి ఎప్పుడు వస్తుందో తెలియక బావి గట్టున దుప్పటి కప్పుకుని మేలుకున్న నాయన కొడుకును నేను. ఆ మాట మీద నిద్ర పట్టలేదు. అర్ధరాత్రికి 27 డిగ్రీలు అయింది. ఐదు గంటలకు 38 చూశాక లేచి కాఫీ పెట్టుకున్నాను.

ఆదివారం కదా, మా ఆవిడ తలంటుకని నూనె గిన్నె పట్టుకుని వచ్చింది. నూనె కలిస్తే ఫిల్టరు మూసుకుపోతుందని అమ్మాయి గిన్నె తీసేసుకుంది. మా ఆవిడ మెడదాకా దిగి, కణతల దగ్గర తడి వెంట్రుకలు తెల్లగా మంచు పట్టేంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అల్లుణ్ణి అడిగింది: "ఈ నీళ్లు ఎన్నాళ్లకు పారబోస్తారు నాయనా?"

"మూడు నాలుగు నెల్లకు, అత్తా."

"అప్పటికి మంచు కరిగింటాది గదా. మోరీలో పోయొద్దు, చెట్లకు పెట్టు."

క్లోరిన్ వేయడం ఆపి, మూత తీసి కొన్ని రోజులు ఉంచితే చెట్లకు పోయవచ్చని అతడు చెప్పాడు. తప్పకుండా పోస్తానని మాట కూడా ఇచ్చాడు.