తిరిగొచ్చిన మలై కాజా

గత జూలైలో ఒక మధ్యాహ్నం మా మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచి, బల్ల మీదున్న ఒక అట్టపెట్టెను చూపించి "ఇది నీదేనా?" అని అడిగారు. నాదే. నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న మలై కాజా. మా అమ్మ ఇక్కడికి వస్తూ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని తెచ్చిన రెండు పెట్టెల్లో ఒకటి. పాకం అట్టలోకి దిగి అడుగున మరక కట్టింది. మేనేజరు ఆ పెట్టె కింద రెండు టిష్యూ కాగితాలు పరిచి ఉంచారు. ఆ కాగితాలు చూసినప్పుడే నాకు సంగతి మంచిది కాదని అర్థమైంది.

నేను వాషింగ్టన్‌లో ఆహారపదార్థాలు దిగుమతి చేసుకునే వ్యాపారుల సంఘంలో తొమ్మిదేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. సంఘం తరఫున సెనేటర్ల కార్యాలయాలకు వెళ్ళి మాట్లాడే లాబీయిస్టులు వేరే ఉన్నారు. ఆ నెలలో సుంకాల అంకెలు అడిగితే చెప్పడానికి నన్ను కూడా వెంటబెట్టుకుపోయారు. అక్కడ పాతికేళ్ళు కూడా నిండని ఒక సహాయకురాలు, నేను తడబడుతూ చెప్పినదంతా నలభై నిమిషాలు ఓపికగా విని, రాసుకుని, లిఫ్టు దాకా వచ్చి సాగనంపింది. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబితే అమ్మ, "అంత మర్యాద చేసిన పిల్లకు వట్టి చేతులతో థాంక్స్ చెప్పి వచ్చావా?" అంది. మరునాడు పెట్టె తీసుకెళ్ళి ఆ కార్యాలయంలో ఇచ్చి వచ్చాను. రెండు రోజులకు ఆ అమ్మాయే స్వయంగా మా ఆఫీసుకు తెచ్చి, క్షమాపణ చెప్పి, తిరిగి ఇచ్చి వెళ్ళింది.

"ఆరేడు వందల రూపాయల మిఠాయి, అంటే పది డాలర్లు కూడా చేయదు" అన్నాను. మేనేజరు తల అడ్డంగా ఊపారు. ధర ఎంతన్నది ప్రశ్నే కాదట. దారిన పోయే మనిషి ఇస్తే యాభై డాలర్ల లోపు వస్తువును వాళ్ళు పుచ్చుకోవచ్చు. లాబీయిస్టును జీతానికి పెట్టుకున్న సంస్థ మాత్రం ఏమీ ఇవ్వకూడదు. "మనం పేరు నమోదు చేసుకున్నవాళ్ళం, అది ఎప్పుడూ మరిచిపోకు" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేను కూడా ఓ మాట అనగలిగేవాణ్ణి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లంచగొండి దేశం నుంచి వచ్చినవాడు, అలవాటు కొద్దీ చేశాడు అని మేనేజరు మనసులో అనుకొని ఉంటారన్న అనుమానం ముల్లులా గుచ్చుకుంది. మన ఊళ్ళలో పెళ్ళిపిలుపుకు వచ్చినవారికైనా, పక్కింటి పిల్లవాడు పరీక్ష పాసైనా తీపి పెట్టే చేయి ఒకటే. అందులో పని జరిపించుకునే ఆలోచన ఉండదు. ఈ మాట వాళ్ళకు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. పైగా ఆ సెనేటరు కార్యాలయం గుమ్మం పక్కనే వాళ్ళ రాష్ట్రంలో పండిన వేరుశెనగల పొట్లాలు బుట్ట నిండా ఉన్నాయి, వచ్చినవాళ్ళందరూ తలా ఒకటి తీసుకుంటున్నారు. సొంత రాష్ట్రపు సరుకును ప్రచారం కోసం అలా పంచిపెట్టడానికి నిబంధనల్లోనే వెసులుబాటు ఉందట. వాళ్ళ శెనక్కాయ ప్రచారం, మా కాజా ప్రలోభం!

పట్టుదల కొద్దీ నిబంధనలన్నీ తీసి చదివాను. చదివేకొద్దీ కోపం పెరిగింది. విందులో కూర్చోబెట్టి భోజనం పెడితే తప్పు. నిలబడి పుల్లతో గుచ్చుకు తినే పదార్థాలైతే ఫరవాలేదు. దీన్ని ఇక్కడివాళ్ళు నవ్వుతూ టూత్‌పిక్ నియమం అంటారు. మిఠాయి పెట్టె కూడదు గాని, అదే సెనేటరు ఎన్నికల నిధికి లాబీయిస్టు ఎన్నిక ఒక్కంటికి 3,500 డాలర్ల దాకా చెక్కు రాసి ఇవ్వవచ్చు, ఆరు నెలలకొకసారి ఆ సంగతి కాగితం మీద తెలిపితే చాలు. కేంద్ర ప్రభుత్వ స్థాయిలో లాబీయింగు మీద ఇక్కడ ఏటా అయ్యే ఖర్చు 400 కోట్ల డాలర్ల పైమాటే. ఇన్ని కోట్లు ప్రవహిస్తున్న ఏటి ఒడ్డున నిలబడి, ఎవరో కాలు కడుక్కున్నారని కేకలు వేయడం ఏమి న్యాయమని నాలో నేనే వాదించుకున్నాను.

అయితే ఆ ఏరు పారుతున్నట్టు నాకు తెలిసింది ఎలాగో కూడా చెప్పాలి. వాళ్ళు రాసిపెట్టారు కాబట్టే. 1946లోనే ఒక చట్టం చేశారు, అది చిల్లుల జల్లెడ. 1995లో దాని స్థానంలో లాబీయింగ్ వెల్లడి చట్టం తెచ్చారు. జాక్ అబ్రమాఫ్ అనే లాబీయిస్టు గోల్ఫ్ యాత్రలు, విందులతో ఇక్కడి చట్టసభ అయిన కాంగ్రెసు సభ్యులను మచ్చిక చేసుకున్న వ్యవహారం బయటపడి, 2006 జనవరిలో అతను నేరం ఒప్పుకున్నాక, 2007లో మళ్ళీ బిగించారు. మూడు నెలలకొకసారి, త్రైమాసికం ముగిసిన తరువాతి నెల 20వ తేదీలోగా నివేదిక వేయాలి. ఎవరి తరఫున, ఏ బిల్లు మీద, ఎంత ఖర్చుతో అన్నది అందులో ఉండాలి. ఖర్చును పదివేల డాలర్లకు సర్ది చూపుతారు. తెలిసి తెలిసి తప్పితే రెండు లక్షల డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు. మా సంఘం నివేదికకు ఖర్చుల పట్టిక కూర్చేది నేనే. తొమ్మిదేళ్ళుగా కూరుస్తూనే ఉన్నాను, అది ఎందుకోసమో ఆలోచించింది మాత్రం కాజా తిరిగొచ్చాకే.

ఆలోచించడానికి మరో కారణం మా మేనమామ. ఆయనకు విడవలూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. రెండు తాను తవ్వించినవి, మిగతావి కౌలువి. మన రొయ్య ఎక్కువగా వచ్చేది ఈ దేశానికే. ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల రొయ్యల వేటగాళ్ళు 2003 చివర ఫిర్యాదు చేస్తే 2005లో మన సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవకగా తెచ్చి అమ్ముతున్నారని వేసే అదనపు సుంకం, పడింది. 2023లో ఇక్కడి రొయ్యల శుద్ధి కర్మాగారాల సంఘం మరో ఫిర్యాదు వేసింది, మరుసటి ఏడాది చివర అయిదు శాతం పైచిలుకు ఇంకో సుంకం తోడైంది. 2025 ఆగస్టు 27 నుంచి కొన్ని నెలల పాటు అవి కాక యాభై శాతం పడింది. సుంకం కట్టేది ఇక్కడి దిగుమతిదారుడే అయినా కోత పడేది చెరువు గట్టు మీద. ఎగుమతిదారుడు ధర దించుతాడు, ఏజెంటు కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) పెరిగింది, రొయ్య చిన్నదంటాడు, మేతకు అప్పిచ్చిన దుకాణంవాడు మాత్రం ఏమీ దించడు.

ఈ సుంకాల కథలో ఒక మలుపు ఉంది. 2000లో సెనేటర్ రాబర్ట్ బర్డ్ వ్యవసాయ కేటాయింపుల బిల్లులో ఒక సవరణ ఇరికించారు. విదేశీ సరుకు మీద వసూలైన ఇలాంటి సుంకాన్ని, ఫిర్యాదును బలపరచిన స్థానిక ఉత్పత్తిదారులకే పంచిపెట్టాలని దాని సారాంశం. ప్రపంచ వాణిజ్య సంస్థ తప్పుబట్టినా 2006లో రద్దుచేసే దాకా అది సాగింది. రద్దుకు ముందు వచ్చిన సరుకు మీది సొమ్ము రొయ్యల వేటగాళ్ళకూ ముట్టింది. అంటే మా మామ చెరువులో పెరిగిన రొయ్య మీది సుంకం, మామ మీద ఫిర్యాదు చేసినవాడి జేబులోకి వెళ్ళింది. న్యాయమేనా అంటే కాదంటాను, ఇప్పటికీ. కాని ఎవరు తెచ్చారో, ఏ బిల్లు చాటున తెచ్చారో, ఎవరికి ముట్టిందో నావంటి గుమస్తా కూడా ఇల్లు కదలకుండా చెప్పగలుగుతున్నాడు.

మన దగ్గర జరిగినదాన్ని అలా చెప్పలేను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను 1997 మార్చి ఆఖరుకల్లా తొలగించాలని తీర్పు ఇచ్చింది. మా మామ చెరువు కూడా ఆ లెక్కలోకే వచ్చేది. ఆ 1997లోనే చెరువులను కాపాడే బిల్లు పార్లమెంటుకు వచ్చింది, చివరికి 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం రూపంలో చెరువులు బతికి బయటపడ్డాయి. ఆ రోజుల్లో ఊళ్ళో చెరువుకింత అని చందా వేసుకుని మనుషులను ఢిల్లీకి పంపిన సంగతి మామ ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. ఢిల్లీలో ఎవరిని కలిశారు, ఏమి మాట్లాడారు, చందాలో ఎంత రైలు టిక్కెట్లకు పోయింది, మిగతాది ఎటు పోయిందన్నది మామకూ తెలియదు. ఉప్పునీళ్ళు దిగి బావులు పాడైన పొరుగు పల్లెవాళ్ళ తరఫున ఎవరైనా వెళ్ళారో లేదో అసలే తెలియదు. ఆ చట్టం మా ఇంటికి మేలు చేసింది కనుక ఇన్నాళ్ళూ నేను ఈ ప్రశ్న వేసుకోలేదు.

మనకు దీనికి ఉన్న మాట పైరవీ ఒక్కటే. మాటలోనే తప్పు ధ్వనిస్తుంది. అయినా శ్రీవారి దర్శనానికి ఎమ్మెల్యే ఉత్తరం తెప్పించుకున్నప్పుడు దాన్ని పైరవీ అని మనం అనుకోం, ఎవరో తెలిసినవారు సాయం చేశారంటాం. లాబీయింగు కోసం మనకు ప్రత్యేక చట్టం లేదు. 2013లో కలికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ అనే ఎంపీ లోక్‌సభలో ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు లంచం ఇచ్చినవాణ్ణి కూడా నేరస్థుణ్ణి చేశారు, మంచిదే. కాని లంచం లేకుండానే జరిగే పని సంగతి అందులోకి రాదు. ఇంకో విచిత్రం. 2012 డిసెంబరులో వాల్‌మార్ట్ వ్యవహారం మీద మన పార్లమెంటు దద్దరిల్లింది. ఆ కంపెనీ భారతదేశంలో ప్రవేశం వంటి అంశాల మీద డబ్బు ఖర్చు పెట్టినట్టు ఇక్కడి సెనేటులో వేసిన నివేదికల్లో రాసుకుంది. విశ్రాంత న్యాయమూర్తితో విచారణ వేశారు. అంటే మన మార్కెట్టు తలుపు ఎవరు తడుతున్నారో మన సభలకు తెలిసింది, నేను మూడు నెలలకొకసారి కూర్చే ఇలాంటి కాగితం వల్ల! ఎన్నికల బాండ్లు ఎవరు కొన్నారో తెలియడానికి కూడా 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేయవలసి వచ్చింది.

చట్టం పెడితే నోరున్నవాడికి లైసెన్సు ఇచ్చినట్టు, నోరులేనివాడికి సంకెల వేసినట్టు అవుతుందని మిత్రుడొకడు వాదించాడు. నాకూ మొదట అదే భయం. అమ్మ వైపు ఊరు కలిగిరి మండలంలో, దూబగుంటకు దగ్గర. 1992లో అమ్మ రాత్రిబడికి వెళ్ళేది. వాచకంలో సారా పాఠం చదివిన ఆడవాళ్ళు అంగళ్ళు మూయించి, అంతటితో ఆగక నెల్లూరు కలెక్టరు కార్యాలయానికి వెళ్ళారు. ఎనిమిదేళ్ళవాణ్ణి, నేనూ అమ్మ కొంగు పట్టుకుని వెళ్ళాను. ఎర్రటి ఎండలో గేటు బయట కూర్చోవడం, ఎవరో బిందెతో నీళ్ళు తెచ్చి దోసిళ్ళలో పోయడం జ్ఞాపకం. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. మరి ఆ ఆడవాళ్ళు లాబీయిస్టులా? వాళ్ళ చేత ఫారాలు నింపిస్తారా?

ఇక్కడి చట్టం దీనికి జవాబు సూటిగానే చెప్పింది. డబ్బు పుచ్చుకుని ఇతరుల తరఫున వెళ్ళేవాడే పేరు రాయించుకోవాలి; తన బాధ తాను చెప్పుకునే మనిషి కాదు. అర్జీ పెట్టుకునే హక్కు వీళ్ళ రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. దోసిలిలో నీళ్ళు తాగిన అమ్మ రాయనక్కరలేదు. అదే వారంలో వెనక గేటు నుంచి కారులో వెళ్ళిన కాంట్రాక్టరు మనిషి ఎవరైనా ఉంటే అతను రాయాలి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఖజానా ఖాళీ అయిందన్నారు, నిజమే కావచ్చు. అంతకుముందు నెలల్లో ఎవరెవరు ఎవరిని కలిశారో రాసి ఉన్న పుస్తకం ఒకటుంటే, ఆ మాట నమ్మడం అమ్మకు తేలికయ్యేది.

ఇక్కడి చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన నెత్తిన పెట్టమనను. పనివేళలో అయిదో వంతు కూడా లాబీయింగు చేయడం లేదని చెప్పుకుంటే పేరు రాయించుకోనక్కరలేదు, అందుకే ఇక్కడ పెద్ద పదవులు చేసి దిగినవాళ్ళు సలహాదారులన్న బోర్డు తగిలించుకుని తిరుగుతారు. సెనేటుకు వెళ్ళామని రాస్తే చాలు, ఏ సెనేటరును కలిశామో చెప్పనక్కరలేదు. కెనడా ఈ విషయంలో మెరుగు. ఏ నెలకానెల ఏ పెద్ద అధికారితో మాట్లాడారో పేరుతో సహా తెలపాలి, పదవి దిగిన అధికారి అయిదేళ్ళ దాకా ఆ వృత్తిలో అడుగు పెట్టకూడదు. మనకు కావలసింది ఆ నెలవారీ పట్టిక. కాజా నియమం లేకపోయినా నాకు అభ్యంతరం లేదు. ఇది నా కడుపుమంట అనుకున్నా సరే.

సెప్టెంబరులో మామ ఫోను చేశాడు. "ఏంది అబ్బయ్యా, యాభై శాతమంట. మీ ఆఫీసోళ్ళు ఆ పెద్దోళ్ళ దగ్గరికి పోతుంటారు గదా, ఎవుర్నన్నా పట్టుకుని ఒక మాట చెప్పించు" అన్నాడు. నేను చెప్పించలేనని నచ్చజెప్పి, సుంకాలు కోరినవాళ్ళ నివేదికలను, దాని కిందే మా సంఘం నివేదికను, మామ కొడుకు ఫోనుకు పంపాను. వాడు చదివి వినిపిస్తుంటే మామ మధ్యమధ్యలో ఊఁ కొట్టడం వినబడుతోంది. అంతా అయ్యాక, "శానా బాగుంది. ఢిల్లీలో మన కోసం ఎవురు తిరగతా ఉండారో, మన డబ్బులు ఎంత ఖర్చు పెడతా ఉండారో, అది గూడా అట్నే పంపు" అన్నాడు.

వెతికి పంపుతానన్నాను.