మ్యాప్‌లో ఆకుపచ్చ మచ్చలు

ఈ మధ్య రక్షిత ప్రాంతాల ప్రపంచ మ్యాప్ ముందేసుకుని ఒక్కో దేశమే చూస్తూ పోయాను. ఆకుపచ్చ మచ్చలు చాలానే ఉన్నాయి, సంతోషమే. కానీ ఒక మచ్చకీ ఇంకో మచ్చకీ మధ్య ఉన్న ఖాళీ చూస్తే మనసు కలుక్కుమంది. పార్కు సరిహద్దు ఏనుగుకేం తెలుసు? నీళ్ల కోసం, జత కోసం అది బయటికి రావాల్సిందే. దారి మూసుకుపోతే లోపల మిగిలిన కొద్ది జంతువులు వాటిలో అవే సంతానం కంటూ తరం తరానికీ బలహీనపడతాయి.

అందుకే భూటాన్ అంటే నాకంత గౌరవం. పార్కులను కారిడార్లతో, అంటే జంతువులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయే దారులతో కలిపారు. కనీసం 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ప్రభుత్వం మారితే చెరిగిపోయే హామీ కాదది. కోస్టారికా అయితే 1996 అటవీ చట్టంతో, అడవిని నిలబెట్టుకున్న భూయజమానికి డబ్బులే ఇస్తోంది. అందులో కొంత ఇంధనం మీద పన్ను నుంచే వస్తుంది.

2030కల్లా నేలలో, సముద్రంలో 30 శాతం చొప్పున కాపాడాలని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. 2024 నాటికి నేల సుమారు 17 శాతం, సముద్రం 8 శాతం దగ్గరే ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేని ఎడారినో మంచుకొండనో కలిపేసినా లెక్క కుదురుతుంది. కప్పలకీ తేనెటీగలకీ దానివల్ల ఒరిగేదేం లేదు.

ఇంకో మాట. తరతరాలుగా అడవిలోనే ఉన్నవాళ్లను ఖాళీ చేయించి దాన్ని రక్షణ అంటే నేను ఒప్పుకోలేను. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో తెలిసినవాళ్లు వాళ్లే. నిర్ణయాలు తీసుకునే చోట ముందు వరుసలో వాళ్లే ఉండాలి.