థర్మోస్టాట్ పీకేస్తే బండి చల్లబడదు

ఎండలు ముదిరి డీజిల్ పికప్ వేడెక్కడం మొదలైందంటే షెడ్డులో ముందు జరిగే పని థర్మోస్టాట్ వాల్వు పీకి పక్కన పడేయడం. మన ఎండలకి అది అక్కర్లేదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం తప్పు, ఇంజిన్‌కి చేటు కూడా.

ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది ఆ వాల్వే. దాని లోపల ఉండేది మైనం నింపిన చిన్న ఇత్తడి గుళిక. వేడికి మైనం ఉబ్బి వాల్వుని తెరుస్తుంది. ఎన్ని డిగ్రీలకి తెరుచుకోవాలో దాని మీదే కొట్టి ఉంటుంది, 82 అనో 88 అనో. చాలా డీజిల్ ఇంజిన్లలో దాని అడుగున ఇంకో చిన్న పళ్లెం ఉంటుంది. పై వాల్వు తెరుచుకునే కొద్దీ ఈ పళ్లెం జరిగి బైపాస్ దారిని మూస్తుంది. వాల్వు పీకేస్తే ఆ దారి ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. ఖాళీ బండి సరిగా వేడెక్కనే వేడెక్కదు, టమాటా పెట్టెలతో ఘాట్ ఎక్కితే మాత్రం ముల్లు ఎర్రగీత వైపు పోతుంది. చల్లగా నడిచే ఇంజిన్‌లో మైలేజీ పడిపోతుంది, ఆయిల్ త్వరగా చెడుతుంది. బీఎస్6 బండికైతే ఇంకో నష్టం: కూలెంట్ తగినంత వేడెక్కకపోతే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి కాల్చే పని మొదలవదు, ఫిల్టర్ నిండిపోయి బండి లాగడం తగ్గుతుంది.

అసలు లోపం పట్టాలంటే బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూడాలి. ట్రాఫిక్‌లో నిలబడితే ఎక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే దిగితే ఫ్యాన్ సంగతి చూడండి. నిలబడితే బాగుండి, లోడుతో హైవే మీద ఎక్కితే రేడియేటర్ లోపల గార పట్టి ఉండాలి, లేదా బయట రెక్కల మధ్య దుమ్ము, వరి పొట్టు కూరుకుని ఉండాలి. ఆ రెక్కల్ని ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కడగాలి. ముందు నుంచి గట్టిగా కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది, రెక్కలూ వంగిపోతాయి.

డాష్‌బోర్డు ముల్లుని పూర్తిగా నమ్మొద్దు. చాలా బండ్లలో చిన్న తేడాలకి అది కదలకుండా మధ్యలోనే నిలిచేలా చేసి ఉంటారు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, కూలెంట్ కారిపోయి సెన్సర్ నీళ్లలో మునగకపోతే ముల్లు పైకి పోయి ఒక్కసారిగా కిందికి పడిపోవచ్చు. చల్లబడిందని బండి తోలితే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, పోతుంది. స్కానర్ ఉంటే రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే పెట్టండి. కూలెంట్ టెంపరేచర్, లోపలికి వెళ్లే గాలి టెంపరేచర్ రెండూ దాదాపు ఒకటే చూపించాలి. పది డిగ్రీలకు మించి తేడా ఉంటే ముందు సెన్సర్‌నే అనుమానించాలి. పీ0128 కోడ్ వస్తే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని అర్థం; ఎక్కువసార్లు వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోవడమే కారణం.

తర్వాత హోస్ పైపులు. థర్మోస్టాట్ ఇంజిన్ నుంచి బయటికొచ్చే పై పైపు దగ్గర ఉందో, కింది పైపు దగ్గర ఉందో ముందు చూసుకోండి. పై పైపు దగ్గర ఉన్న బండిలో స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ఆ పైపు మెల్లగా వెచ్చబడుతూ పోతే వాల్వు మూసుకోవడం లేదు. ఇంజిన్ 95 దాటినా పైపు చల్లగానే ఉంటే వాల్వు తెరుచుకోవడం లేదు, లేదా కూలెంట్ తగ్గి గాలి పట్టింది. పై పైపు కాలిపోతూ కింది పైపు చల్లగా ఉంటే రేడియేటర్ గారనీ వాటర్ పంపునీ చూడాలి. ఖాళీ బండిని ఐడిల్‌లో ఉంచి ఈ పరీక్ష చేస్తే చాలాసేపు పడుతుంది, డీజిల్‌కి ఐడిల్‌లో వేడి తక్కువ పుడుతుంది. రోడ్డు మీద తిప్పుకొచ్చి చూడడం మేలు.

విప్పిన వాల్వుని గిన్నె నీళ్లలో, అడుగు తగలకుండా దారానికి వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీదున్న అంకెకి రెండు డిగ్రీలు అటూ ఇటూగా కదలడం మొదలవ్వాలి, ఇంకో పన్నెండు పదమూడు డిగ్రీలకి సుమారు 8 మిల్లీమీటర్లు లేవాలి, నీళ్లు చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. బిగించేటప్పుడు అంచున గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే అది పైకి ఉండాలి.

కూలెంట్ బయట చుక్క కూడా కారకుండా తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు), ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని కూలెంట్‌తో చల్లార్చేది) ఈ రెండే ముందు గుర్తుకు రావాలి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై పైపు రాయిలా బిగుసుకుంటే, కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలొస్తుంటే కంప్రెషన్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోంది. దానికి భిన్నంగా, చల్లారాక పైపు లోపలికి నొక్కుకుపోతే కూలెంట్ పోసే చోటి మూతలోని చిన్న వాక్యూమ్ వాల్వు ఇరుక్కుంది. మూత మారిస్తే సరిపోతుంది. ఆ మూతని తక్కువగా చూడకండి. మామూలు నీళ్లు 100 దగ్గర మరిగితే సగం సగం కలిపిన కూలెంట్ 107 దగ్గర మరుగుతుంది, 0.9 బార్ మూత దాన్ని ఇంకో 20 డిగ్రీల దాకా పైకి నెడుతుంది.

బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. మన వైపు బోర్లలో ఉండే ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో, సిలిండర్ గోడల చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. రంగు చూసి కూలెంట్ కలపడమూ తప్పే, ఆకుపచ్చ, ఎరుపు అనేవి కంపెనీ ఇష్టం; లోపలి మందులు ఒకదానికొకటి పడకపోతే జిగురుగా మారుతుంది. డ్రైన్ చేసినా ఇంజిన్ బ్లాక్‌లో పాత నీళ్లు మిగులుతాయి. అందుకే కడిగాక మొత్తం 8 లీటర్లు పట్టే బండైతే ముందు 4 లీటర్ల చిక్కటి కూలెంట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. ముందే కలిపి అమ్మేది పోస్తే మిగిలిన నీళ్లతో పలచబడుతుంది.

పోసేటప్పుడు బండి ముక్కు ఎత్తుగా ఉండే చోట ఆపి, హీటర్ ఉంటే ఫుల్ వేడిలో పెట్టి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి మెల్లగా పోయండి. బుడగల్లేని ధార వచ్చాక స్క్రూ బిగించి, ఫ్యాన్ తిరిగేదాకా నడిపి ఆపేయండి. వేడిగా ఉండగా మూత తీయకండి. రాత్రంతా చల్లారాక, మరుసటి రోజు పొద్దున డబ్బాలో మట్టం చూస్తే కొద్దిగా దిగి ఉంటుంది. అది లోపలి గాలి బయటికి పోవడం వల్లే. రెండు గీతల మధ్యకి నింపి, వారం పాటు రోజూ చూడండి. ఆ వారంలోనూ దిగుతూనే ఉంటే మళ్లీ లీకు వెతకాలి.